వత్తి వేస్తే చాలు... మొక్కే నీళ్లు తాగుతుంది!

వేసవి సెలవులకు ఊరెళ్లాలి. టికెట్లు దొరికాయి. పాలవాడికి వద్దని చెప్పేశాం. పేపరబ్బాయికీ చెప్పేశాం. గ్యాస్ కట్టేశాం. ఫ్రిజ్ ఖాళీ చేశాం. అంతా అయిపోయింది అనుకునేలోపు కళ్లు బాల్కనీ వైపు వెళతాయి. అక్కడ తులసమ్మ, రెండు మిరప మొక్కలు, ఓ కుండీ నిండా పుదీనా, మొన్ననే మొగ్గ తొడిగిన మందారం. వీటి సంగతేంటి?

పక్కింటి వాళ్లకు తాళంచెవి ఇచ్చి 'రెండు రోజులకోసారి కాసిని నీళ్లు పోయండి వదినా' అని బతిమాలుకోవాలి. వాళ్లూ మంచివాళ్లే. కాకపోతే వాళ్లకూ సెలవులే! పోసినా ఒకరోజు బకెట్ నిండా పోస్తారు, నాలుగు రోజులు మర్చిపోతారు. పది రోజుల తర్వాత తిరిగొచ్చి తలుపు తీస్తే సగం కుండీల్లో పుల్లలే మిగులుతాయి. 'ఇక మొక్కలూ వద్దు, ఏమీ వద్దు' అని ఆ కుండీలు డాబా మీద పడేసిన ఇళ్లు ఎన్నో.

ఒక్క ఊరి ప్రయాణమేనా? మోకాళ్ల నొప్పులతో బకెట్ ఎత్తలేని పెద్దవాళ్లున్నారు. ఉదయం ఏడింటికి వెళ్లి రాత్రి తొమ్మిదింటికి వచ్చే ఉద్యోగస్తులున్నారు. ఏప్రిల్ వస్తే ట్యాంకర్ కోసం ఎదురుచూసే అపార్ట్‌మెంట్లున్నాయి. కుండీ మీద నుంచి పోసిన నీళ్లలో సగం అడుగు చిల్లులోంచి కారి కింది ఫ్లాటు బట్టల మీద పడితే వచ్చే గొడవ సరేసరి!

వీళ్లందరికీ పనికొచ్చే ఉపాయం ఒకటుంది. మొక్కకు మనం నీళ్లు పోయడం కాదు... దానికి కావలసినప్పుడు, కావలసినన్ని అదే తాగేలా ఏర్పాటు చేయడం. పెద్ద ఖర్చూ లేదు, కరెంటూ అక్కర్లేదు. ఖాళీ కూల్‌డ్రింక్ సీసా, జానెడు గుడ్డపేలిక, గుప్పెడు కొబ్బరి పొట్టు చాలు.

దీపం చెప్పే పాఠం

దేవుడి దగ్గర దీపం పెడతాం. నూనె ప్రమిద అడుగున ఉంటుంది. మంట వత్తి కొసన ఉంటుంది. కింది నూనెను పైకి తోడేవాళ్లు ఎవరూ లేరు. వత్తిలోని సన్నని దారపు పోగుల మధ్య సందుల్లోంచి అదే పైకి పాకుతుంది. కొసన మండినకొద్దీ కింది నుంచి మళ్లీ వస్తుంది. దీన్నే సైన్సు పుస్తకాల్లో కేశనాళికీయత అని చదువుకున్నాం. పరీక్షలో రెండు మార్కులు తెచ్చిపెట్టిన ఆ మాటే ఇప్పుడు మన మొక్కలకు నీళ్లు పోస్తుంది.

నూనె బదులు నీళ్లు, మంట బదులు మొక్క వేళ్లు. అంతే తేడా. వేళ్ల దగ్గర తడి ఆరినకొద్దీ వత్తి కింది నుంచి నీటిని అందిస్తుంది. తడి సరిపడా ఉంటే ఆగుతుంది. ఎండ ఎక్కువున్న రోజు ఎక్కువ, మబ్బు పట్టిన రోజు తక్కువ. ఇంత లెక్కగా మనం ఎప్పుడైనా పోశామా?

మట్టి లేకుండా మొక్కా!

'సీసాలో మట్టి పోయొచ్చుగా?' అని అడగొచ్చు. పోయొచ్చు. కానీ బంకమట్టి కింది నుంచి ఎప్పుడూ తడి అందుతుంటే ముద్దకట్టి, వేళ్లకు గాలి ఆడనివ్వదు. వేళ్లకు నీళ్లెంత అవసరమో గాలీ అంతే అవసరం. కుండీల్లో చచ్చిపోయే మొక్కల్లో చాలావాటికి దాహం కాదు, ఊపిరాడకపోవడమే కారణం. అందుకే ఈ పద్ధతిలో మట్టికి బదులు నీటినీ గాలినీ రెంటినీ పట్టి ఉంచే కొబ్బరి పొట్టు వాడతారు. కొందరు అదీ లేకుండా ఉత్త నీళ్లలోనే పెంచుతారు. ఆ విద్యకే హైడ్రోపోనిక్స్ అని పేరు.

పేరు కొత్తగా ఉన్నా సంగతి పాతదే. 1699లోనే జాన్ ఉడ్‌వర్డ్ అనే ఇంగ్లండ్ పండితుడు పుదీనా జాతి మొక్కలను రకరకాల నీళ్లలో పెంచి, తూకం వేసి చూశాడు. శుభ్రమైన వాన నీటిలో కంటే తోట మట్టి కలిపిన నీటిలో పెట్టినవి బాగా బరువు పెరిగాయి. అంటే మొక్కకు నీళ్లొక్కటే చాలదు, మట్టిలోంచి నీటిలోకి దిగే సారమేదో కావాలన్నమాట. ఆ సారమేంటో 1860ల్లో జర్మనీ శాస్త్రవేత్తలు జూలియస్ సాక్స్, విల్‌హెల్మ్ నాప్ లవణాల లెక్కలతో సహా తేల్చారు. 1930ల్లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన విలియం గెరిక్ నీళ్ల తొట్లలో టమాటా తీగలను నిచ్చెన వేసుకుని కోసేంత ఎత్తు పెంచి అందర్నీ నోరెళ్లబెట్టేలా చేశాడు. 1937లో 'హైడ్రోపోనిక్స్' అన్న మాటను ప్రచారంలోకి తెచ్చిందీ ఆయనే. గ్రీకులో 'హైడ్రో' అంటే నీరు, 'పోనోస్' అంటే శ్రమ. నీళ్ల సేద్యం అనుకోవచ్చు.

మన దేశానికీ ఇందులో భాగముంది. 1946లో డార్జిలింగ్ దగ్గరి కాలింపాంగ్‌లో షోల్టో డగ్లస్ అనే ఆయన పంపులూ మోటార్లూ లేకుండా, చేతికందే కంకర, ఇసుకలతో పేదవాళ్లూ చేసుకోగలిగే పద్ధతి కోసం ప్రయోగాలు చేశాడు. అదే తర్వాత 'బెంగాల్ పద్ధతి'గా పుస్తకాల్లోకెక్కింది. అంటే మనం చేయబోయేది గొప్పవాళ్ల డాబా షోకేమీ కాదు!

మొదటి మెట్టు: సీసా కుండీ

రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా తీసుకోండి. మూత వైపు నుంచి మూడో వంతు దగ్గర అడ్డంగా కోయండి. మూతకు కాల్చిన మేకుతో చిల్లు పెట్టండి. ఆ చిల్లులోంచి వత్తి దూర్చి, సగం పైకి, సగం కిందికి ఉండేలా చూడండి. ఇప్పుడు పై ముక్కను తలకిందులు చేసి, గరాటులా కింది ముక్కలో కూర్చోబెట్టండి. పైన పొట్టు, మొక్క. కింద నీళ్లు. మధ్యలో వత్తి. కుండీ సిద్ధం.

వత్తి దగ్గరే చాలామంది దెబ్బతింటారు. ఉత్త నూలు గుడ్డ బాగా తాగుతుంది కానీ రెండు మూడు నెలలకే కుళ్లిపోతుంది. నైలాన్ తాడు కుళ్లదు. కానీ కొన్ని రకాలు నీటిని అసలు పట్టవు. నూలూ పాలిస్టరూ కలిసిన పాత టీషర్టు పేలిక మధ్యస్తంగా పనికొస్తుంది. లాంతరు వత్తి అయితే భేషుగ్గా ఉంటుంది. ఏదైనా ముందు వేడినీళ్లలో ఉతికి గంజీ మైనమూ పోగొట్టాలి. తర్వాత చిన్న పరీక్ష. గిన్నెలో పసుపు నీళ్లు పోసి, పేలిక ఒక కొసను అందులో ముంచి వేలాడదీయండి. గంటలోపు జానెడు ఎత్తుకు పసుపు తడి ఎక్కితే అది వత్తిగా పాసైనట్టే. ఎక్కకపోతే ఇల్లు తుడుచుకోవడానికి ఉంచుకోండి!

ఇంకో ముఖ్యమైన సంగతి. ఎండిన వత్తి, ఎండిన పొట్టు నీటిని సరిగా లాగలేవు. అందుకే నాటిన రోజున వత్తిని తడిపి పెట్టాలి. పొట్టును కూడా పైనుంచి నీళ్లు పోసి పూర్తిగా తడపాలి. ఒకసారి తడి దారి ఏర్పడితే ఆ తర్వాత అదే నడుస్తుంది. మధ్యలో నీళ్లు పూర్తిగా అయిపోయి ఎండిపోతే మళ్లీ పైనుంచి తడపాల్సిందే.

కొబ్బరి పొట్టు నర్సరీల్లో కోకోపీట్ పేరుతో ఇటుకల్లా దొరుకుతుంది. కోనసీమ వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు... పీచు తీసే చోట్ల గుట్టలుగా ఉంటుంది. ఐదు కిలోల ఇటుకను నానబెడితే ఉబ్బి రెండు మూడు పెద్ద తొట్లు నింపేంత అవుతుంది. ఇందులో సహజంగానే ఉప్పు ఉంటుంది. రెండు మూడు నీళ్లకు కడిగి, పిండి వాడాలి. పప్పు కడిగినట్టే. నీటి రంగు తేలేదాకా.

రెండో మెట్టు: బకెట్ తొట్టి

కొత్తిమీర, మెంతికూర, పుదీనాలకు సీసా చాలు. మిరప, వంగ, టమాటాలకు 20 లీటర్ల బకెట్ కావాలి. బకెట్ అడుగున నాలుగంగుళాల ఎత్తున్న ప్లాస్టిక్ బుట్టను బోర్లించండి. దాని మధ్యలో గ్లాసు పట్టేంత రంధ్రం చేసి, చుట్టూ చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ గ్లాసును అందులో దింపండి. గ్లాసు అడుగు బకెట్ అడుగును తాకాలి. దాని నిండా కొబ్బరి పొట్టు కూరితే అదే లావుపాటి వత్తి. ఓ పక్కన అంగుళం పీవీసీ గొట్టం నిలబెట్టండి. నీళ్లు పోసేది దాంట్లోంచే. ఇక మిగతా బకెట్ అంతా పొట్టుతో నింపి మొక్క నాటడమే.

ఒక్క చిల్లు మాత్రం మర్చిపోకూడదు. బోర్లించిన బుట్ట పైభాగానికి అరంగుళం కిందగా బకెట్ గోడకు రంధ్రం పెట్టాలి. నీళ్లు ఎక్కువైతే అందులోంచి బయటికి పోతాయి. నీటికీ పొట్టుకూ మధ్య కాస్త గాలి మిగులుతుంది. ఆ అరంగుళం గాలే మొక్కకు ఊపిరి. చిల్లు పెట్టడానికి బద్ధకించారా... జులైలో ఒక్క గట్టి వానకు బకెట్ నిండి, వేళ్లు కుళ్లి, కాపు మీదున్న మిరప తెల్లారేసరికి తల వాల్చేస్తుంది.

అన్నట్టు, బకెట్ల సంగతి. ఆకుకూరలకూ కూరగాయలకూ తినే వస్తువులు పోసిన డబ్బాలే వాడండి. వంటనూనె, పెరుగు డబ్బాలు మంచివి. పెయింటు డబ్బాలు పూల మొక్కలకు సరే. పురుగు మందు డబ్బాలు మాత్రం ఎంత కడిగినా వద్దు... దేనికీ వద్దు!

మూడో మెట్టు: ఉత్త నీళ్లలో

అమెరికాలోని హవాయి విశ్వవిద్యాలయంలో బెర్నార్డ్ క్రాట్కీ అనే ఉద్యాన శాస్త్రవేత్త ఓ సులువైన పద్ధతిని తీర్చిదిద్దారు. పంపు లేదు, వత్తి కూడా లేదు. మూత ఉన్న డబ్బాలో పోషకాలు కలిపిన నీళ్లు పోస్తారు. మూతకు రంధ్రం చేసి, అందులో చిల్లుల గ్లాసు దింపి, మొలక పెడతారు. మొదట్లో నీళ్లు గ్లాసు అడుగును తాకుతూ ఉండాలి. మొక్క తాగినకొద్దీ నీటిమట్టం దిగుతుంది. పైన ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీలో ఉన్న వేళ్లు గాలి పీల్చే వేళ్లుగా మారతాయి, కింది వేళ్లు నీళ్లు తాగుతుంటాయి.

కిటుకంతా ఇక్కడే ఉంది. నీళ్లు తగ్గాయి కదా అని మళ్లీ నిండా పోశారా, గాలికి అలవాటుపడ్డ వేళ్లు మునిగి మొక్క ఉక్కిరిబిక్కిరవుతుంది. పోయాల్సి వస్తే సగం దాకానే పోయాలి. లెట్యూస్ లాంటి ఆకుకూర ఒక మొక్క కోతకొచ్చేలోపు సుమారు నాలుగు లీటర్లు తాగుతుంది. ఆ నీళ్లు ముందే పోసేస్తే మళ్లీ చూడనక్కర్లేదు. మనకు పాలకూర, బచ్చలి ఇలా బాగానే వస్తాయి.

తిండి కూడా పెట్టాలి మరి

మట్టిలో పశువుల ఎరువు వేస్తే చాలు. కొబ్బరి పొట్టులో, నీళ్లలో తిండి ఉండదు. మనమే కలపాలి. పేడ నీళ్లు, వంటింటి వ్యర్థాల నీళ్లు సీసాలో పోస్తే రెండు రోజులకే కంపు కొడతాయి. ఇక్కడ నీటిలో పూర్తిగా కరిగే ఎరువులే దారి.

ఎరువుల దుకాణంలో 19:19:19 అని దొరుకుతుంది. నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉంటాయి. ఇదొక్కటి వేసి ఊరుకుంటే కుదరదు. ఇందులో కాల్షియం లేదు. పైగా నత్రజనిలో చాలా భాగం యూరియా రూపంలో ఉంటుంది. మట్టిలో అయితే సూక్ష్మజీవులు దాన్ని మొక్క తేలిగ్గా తీసుకునేలా మారుస్తాయి. ఉత్త నీళ్లలో ఆ పని సరిగా జరగదు. అందుకే దీనికి కాల్షియం నైట్రేట్ తోడు కావాలి. మెగ్నీషియం కోసం ఎప్సం లవణం, ఇనుము, జింకు వగైరాల కోసం సూక్ష్మపోషకాల పొడి కావాలి.

మొదలుపెట్టేవాళ్లకు సులువైన లెక్క ఇదీ. పది లీటర్ల నీటికి 19:19:19 ఐదు గ్రాములు, కాల్షియం నైట్రేట్ ఐదు గ్రాములు, ఎప్సం లవణం రెండున్నర గ్రాములు. సూక్ష్మపోషకాలు ప్యాకెట్ మీద రాసిన మోతాదులో. టీస్పూను తలకొడితే సుమారు ఐదు గ్రాములు. మిరప, టమాటా పూతకొచ్చాక 19:19:19 సగం తగ్గించి, ఆ మేరకు 13:0:45 కలిపితే పొటాష్ అందుతుంది. మొలకలకు మాత్రం ఈ మోతాదులో సగమే.

కలిపే తీరు కూడా ముఖ్యం. కాల్షియం నైట్రేట్‌ను మిగతావాటితో కలిపి ఒకే గ్లాసులో చిక్కగా కరిగించకూడదు. తెల్లగా విరిగి సుద్దలా అడుగున పేరుకుంటుంది. అది మొక్కకు అందదు. వేర్వేరు గ్లాసుల్లో కరిగించి, నిండు బకెట్ నీళ్లలో ఒకదాని తర్వాత ఒకటి పోయాలి. వాడగా మిగిలిన నీటిని కాలువలో పారబోయకండి. మట్టి కుండీల్లో పోస్తే అవి సంతోషంగా తాగుతాయి.

నీళ్లన్నీ ఒకటి కాదు

మన పట్టణాల్లో బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి. అందులో ఎరువూ కలిస్తే ఉప్పు మీద ఉప్పు. ఫిల్టర్ మిషన్ నుంచి వృథాగా పోయే నీళ్లు ఇంకా ఉప్పన... మంచినీటిలోంచి తీసేసిన లవణాలన్నీ వాటిలోనే ఉంటాయి కదా. బాత్‌రూము కడుక్కోవడానికి వాడుకోండి కానీ ఈ సీసాల్లో వద్దు. వాన నీళ్లు అన్నిటికంటే మేలు. ఏసీ నుంచి కారే నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు కాబట్టి బోరు నీళ్లలో సగానికి సగం కలుపుకోవచ్చు.

వత్తి నీటిని పైకి తెస్తుంది. నీరు ఆవిరవుతుంది. ఉప్పు మాత్రం ఎక్కడికీ పోదు. పొట్టు పైన తెల్లటి పొరలా పేరుకుంటుంది. ఆకుల అంచులు మాడుతున్నాయంటే కారణం ఇదే కావచ్చు. నెలకోసారి కింది నీళ్లు పారబోసి, పైనుంచి రెండు చెంబుల మంచినీళ్లు ధారగా పోసి కడిగేస్తే సరిపోతుంది.

కొందరు పొట్టుకు బదులు రాళ్లు వాడతారు. నల్ల కంకర, ఇటుక ముక్కలు మంచివే. తాండూరు, షాబాద్ బండల ముక్కలు మాత్రం వద్దు. అవి సున్నపురాళ్లు. నీటిలో క్షారగుణం పెంచి, ఇనుము వేళ్లకు అందకుండా చేస్తాయి. ఆకులు పసుపెక్కుతాయి. అనుమానముంటే రాయి మీద నాలుగు చుక్కల వెనిగర్ వేయండి. బుసబుసమని నురగ వస్తే పక్కన పెట్టేయండి.

దోమకు మాత్రం నీళ్లివ్వకండి

ఇక అసలు హెచ్చరిక. ఇన్ని సీసాల్లో, బకెట్లలో నీళ్లు నిలవ పెడుతున్నాం. డెంగీని మోసే ఈడిస్ దోమకు కావలసింది సరిగ్గా ఇదే. అది మురుగు కాలువ వెతుక్కోదు. ఇంటి చుట్టూ నిలిచిన శుభ్రమైన నీళ్లే చాలు. గుడ్డు నుంచి ఎగిరే దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. మొక్క కోసం ఇంట్లో పిల్లవాణ్ని ఆసుపత్రి పాలు చేసుకోలేం కదా! 2020లో తెలంగాణలో 'ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు' అంటూ నిలవ నీళ్లు పారబోసే కార్యక్రమం నడిపింది ఇందుకే.

కాబట్టి దోమ దూరే సందు ఎక్కడా ఉండకూడదు. సీసా పై ముక్కకూ కింది ముక్కకూ మధ్య టేపు చుట్టండి. నీళ్లు పోసే గొట్టానికి మూత పెట్టండి. నీళ్లు పోయే చిల్లుకు దోమతెర గుడ్డ ముక్క అంటించండి. వారానికోసారి టార్చి వేసి చూడండి. పురుగులు కదులుతుంటే నీళ్లు మట్టిలో పారబోసి, డబ్బా లోపల బ్రష్షుతో రుద్ది కడగండి. దోమ గుడ్లు గోడకు అంటుకుని ఉంటాయి. ఉత్త నీళ్లతో తొలిపితే పోవు. ఈ మాత్రం చేయలేం అనుకుంటే ఈ పద్ధతి జోలికే వెళ్లొద్దు. నిర్మొహమాటంగా చెబుతున్న మాట ఇది.

అలాగే వెలుతురు. నీళ్లు, ఎరువు, వెలుతురు మూడూ కలిస్తే పాచి పడుతుంది. సీసాకు ముందు నల్ల రంగు, దానిపైన తెల్ల రంగు వేయండి. నలుపు వెలుతురును ఆపుతుంది, తెలుపు వేడిని ఆపుతుంది. మేలో డాబా మీద నల్ల బకెట్ ఒక్కటే పెడితే లోపలి నీళ్లు కాగి వేళ్లు ఉడికిపోతాయి. రంగు లేదంటే పాత న్యూస్ పేపరు, దానిపైన వంటింట్లోని అల్యూమినియం ఫాయిల్ చుట్టినా సరే.

ఏవి పెంచాలి? ఏవి వద్దు?

కొత్తిమీర, మెంతి, పుదీనా, పాలకూర, తోటకూర, బచ్చలి... వీటికి ఎప్పుడూ తడి ఉంటే ఆనందమే. ధనియాలను నలిపి రెండు బద్దలు చేసి చల్లండి. మొలకెత్తడానికి వారం పది రోజులు పడుతుంది, తొందరపడొద్దు. మెంతులు మూడు నాలుగు రోజుల్లోనే తల ఎత్తుతాయి. మనీప్లాంట్, సింగోనియం, స్పైడర్ ప్లాంట్, పీస్ లిల్లీలకు ఇంట్లో నీడపట్టున ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు.

కలబంద, బ్రహ్మజెముడు, స్నేక్ ప్లాంట్ లాంటివి ఎండిన నేలకు అలవాటుపడ్డవి. ఎప్పుడూ తడి ఉంటే కుళ్లిపోతాయి. కరివేపాకుకూ కాళ్ల కింద నీళ్లు నిలవడం గిట్టదు. మల్లె సంగతి ఇంకా వేరు. చలికాలంలో కొన్నాళ్లు నీళ్లు తగ్గించి, ఆకు దూసి, కొమ్మ కత్తిరిస్తేనే వేసవికి విరగపూస్తుంది. దానికి ఎండబెట్టడమే మందు. వాటిని మట్టిలోనే ఉండనివ్వండి.

చేతికి పని తగ్గింది... కంటికి కాదు

మా వీధి చివర ఓ రిటైర్డు టీచరమ్మ ఉన్నారు. ఇల్లంతా మొక్కలే. మోకాలి ఆపరేషన్ అయ్యాక డాక్టరు బరువులు ఎత్తొద్దన్నారు. నలభై కుండీలు తలా ఒకటి పంచేశారు. 'ఖాళీ బాల్కనీ చూస్తుంటే ఇల్లు నాది కానట్టు ఉండేదమ్మా' అంటారావిడ. పిల్లలు వేరే దేశంలో ఉన్నారు. ఇంట్లో రోజూ పలకరించడానికి ఉన్నవి ఆ మొక్కలే మరి. ఊరి నుంచి వచ్చిన మనవడు ఎనిమిది డబ్బాలకు వత్తులు వేసి ఇచ్చి వెళ్లాడు. ఇప్పుడు పనమ్మాయి వారానికోసారి గొట్టాల్లో నీళ్లు నింపుతుంది. వాటిలో మిరప, పుదీనా, పాలకూర. ఇంకా ఓ బంతి మొక్క.

ఆవిడ చెప్పిన ఇంకో మాట అసలైనది. 'నీళ్లు పోసే పని లేదు కదా అని మొదట్లో రెండు వారాలు అటు వెళ్లనే లేదు. వెళ్లి చూస్తే మిరప ఆకు కింద తెల్లదోమ నిండిపోయింది. నీళ్లు పోసే వంకతో రోజూ చూసుకునేదాన్ని కదా, ఆ చూపు పోయింది. ఇప్పుడు కాఫీ గ్లాసు పట్టుకుని అక్కడే కూర్చుంటున్నా.'

నిజమే. ఏ వత్తీ ఆకు తిప్పి చూడదు. ముదిరిన ఆకు గిల్లదు. తీగకు కర్ర కట్టదు. ఈ ఏర్పాటు మన చేతుల్లోంచి బకెట్‌ను తీసుకుంటుంది తప్ప మన కళ్లను కాదు.

ఊరెళ్లే ముందు ఒక లెక్క

ఈ డబ్బాలు ఎన్నాళ్లు ఆగుతాయి? అందరికీ ఒకే జవాబు లేదు. నీడన ఉన్న మనీప్లాంట్‌కు లీటరు నీళ్లు రెండు మూడు వారాలు రావచ్చు. కాపు మీదున్న టమాటా ఎండాకాలంలో రోజుకు రెండు లీటర్లు తాగినా ఆశ్చర్యం లేదు. అంటే బకెట్ అడుగున ఆరు లీటర్లున్నా మూడు రోజులే!

అందుకే మీ లెక్క మీరే వేసుకోవాలి. రంగు వేసేటప్పుడు సీసాకు ఓ పక్క నిలువునా సన్నని గీత వదిలేయండి. లోపలి నీళ్లు కనిపిస్తాయి. నిండా పోసి, స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టండి. మూడు రోజుల తర్వాత మళ్లీ గుర్తు పెట్టండి. ఎంత దిగిందో చూస్తే ఎన్నాళ్లొస్తుందో తెలిసిపోతుంది. వచ్చిన రోజుల్లోంచి రెండు తీసేసి మిగిలినవే నమ్మండి. ప్రయాణానికి ముందు మొక్కలను నీడకు జరిపితే ఇంకొన్ని రోజులు కలిసొస్తాయి. చాలకపోతే ఆ తొట్టి పక్కన పెద్ద డబ్బా పెట్టి ఇంకో వత్తి వేయండి.

బరువు కూడా చూసుకోండి. లీటరు నీళ్లంటే కిలో. తడిసిన పొట్టుతో నిండు బకెట్ బాగా బరువుంటుంది. పిట్టగోడ మీద, గ్రిల్లు మీద పెట్టొద్దు. గోడ వారగా నేల మీదే ఉంచండి.

ఒకేసారి ఇరవై డబ్బాలు మొదలుపెట్టకండి. ఈ ఆదివారం ఒక్క సీసా చాలు. వంటింట్లో డబ్బాలోంచి గుప్పెడు ధనియాలు తీసుకోండి. కోసే పని మీరు చూసుకుని, వత్తి దూర్చే పని పిల్లలకివ్వండి. పసుపు నీళ్లు పేలిక వెంట పైకెక్కుతుంటే వాళ్ల మొహాలు చూడాలి! నెలా పదిహేను రోజుల తర్వాత మీ ఇంటి చారులో పడే కొత్తిమీరకు ఎవరూ నీళ్లు పోసి ఉండరు. అయినా ఘుమఘుమలకు ఏ లోటూ రాదు.